ఆమె ఒళ్లు, ఆమె నమ్మకం, ఆమె నిర్ణయం: కాలేజీ యువత పద్ధతిగా ఎలా అడగాలి

పెళ్లయిన ఒకామె ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి ఈ గర్భం వద్దని చెబితే "మీ ఆయన్ని తీసుకురామ్మా, సంతకం కావాలి" అని పంపేస్తారు. పెళ్లికాని అమ్మాయి వెళ్తే వైద్యం సంగతి తర్వాత, ముందు "ఎవరు వాడు?" అంటారు. ఇద్దరు పిల్లలున్నామెకు "కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్ కూడా చేయించుకుంటానంటేనే తీస్తాం" అని షరతు పెడతారు. ఈ మూడింటిలో ఒక్కటీ చట్టంలో లేదు. ఇంకోవైపు కాలేజీ గేటు దగ్గర హిజాబ్ వేసుకున్న అమ్మాయిని ఆపుతారు, కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాణ్ని యూనిఫాం ఏదని నిలబెడతారు, హాస్టల్లో ఫలానా ప్రార్థనకు అందరూ రావాల్సిందే అంటారు.

రెండూ వేర్వేరు గొడవల్లా కనిపించినా అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మనిషి అంతరాత్మకు సంబంధించిన విషయంలో నిర్ణయం ఎవరిది? కర్ణాటకలోని బెళగావి నుంచి వెళ్లి ఐర్లండ్‌లో స్థిరపడిన దంతవైద్యురాలు సవితా హళప్పనవర్ 2012 అక్టోబర్ 28న గాల్వే నగరంలో చనిపోయారు. 17 వారాల గర్భం నిలిచే అవకాశం లేదని తెలిశాక తీసేయమని ఆమె అడిగారు. పిండం గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశం అని అక్కడి మిడ్‌వైఫ్ ఆమెతో అన్నట్టు విచారణలో బయటపడింది. సవిత కాథలిక్ కాదు. ఒక మతం నమ్మకం చట్టమై, ఆ మతంతో సంబంధం లేని స్త్రీ మంచం దాకా వచ్చింది. 2018 మే 25న ఐర్లండ్ ప్రజలు 66.4 శాతం ఓట్లతో, అబార్షన్‌ను దాదాపు పూర్తిగా అడ్డుకున్న ఆ రాజ్యాంగ నిబంధనను ఎత్తేశారు. ఇంటింటికీ తిరిగి ఆ ఓట్లు అడిగినవాళ్లలో కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారు.

మన దగ్గర చట్టం ఐర్లండ్ పాత చట్టం కంటే ఎంతో మేలు. మన చిక్కు ఆ చట్టం ఆసుపత్రి కౌంటర్ దాకా రాకపోవడం. అందుకే ఇక్కడ నినాదం కంటే కాగితం బాగా పనిచేస్తుంది. 18 ఏళ్లు దాటిన విద్యార్థులు ఐదారుగురు కలిస్తే రెండు మూడు నెలల్లో చేయగలిగిన పని ఇది.

1. ముందు చట్టం నోటికి రావాలి

వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం 1971 నాటిది, 2021లో సవరించారు. ఆ సవరణ 2021 సెప్టెంబర్ 24 నుంచి అమల్లో ఉంది. మీ జట్టులో ప్రతి ఒక్కరికీ ఈ కింది విషయాలు కాగితం చూడకుండా చెప్పడం రావాలి.

20 వారాల వరకు ఒక్క అర్హత గల డాక్టర్ అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి, అదీ నిబంధనల్లో చెప్పిన వర్గాలకే: అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవారు లేదా విడాకులైనవారు, తీవ్ర వైకల్యం ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, పిండంలో తీవ్ర లోపం ఉన్నవారు, ప్రభుత్వం ప్రకటించిన విపత్తుల్లో చిక్కుకున్నవారు. 24 దాటితే పిండంలో తీవ్ర లోపం ఉన్నప్పుడు మెడికల్ బోర్డు నిర్ణయిస్తుంది. తల్లి ప్రాణం కాపాడటానికి వెంటనే చేయాల్సి వస్తే వారాల లెక్క అడ్డురాదు.

సంతకం ఆమెది ఒక్కటే. 18 నిండని అమ్మాయికి, మానసిక అనారోగ్యం ఉన్నామెకు మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి. భర్త సంతకం, తండ్రి సంతకం, అత్తగారి సంతకం చట్టం ఎక్కడా అడగలేదు. పాత చట్టంలో గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో "పెళ్లయిన స్త్రీ, ఆమె భర్త" అని ఉండేది. 2021లో దాన్ని "స్త్రీ, ఆమె భాగస్వామి" అని మార్చారు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, 20-24 వారాల వెసులుబాటు పెళ్లికానివారికీ వర్తిస్తుందనీ, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదనీ తేల్చింది. ఆమె పేరు, వివరాలు బయటపెట్టిన డాక్టర్‌కు ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు.

ఒక సంగతి మాత్రం దాచకుండా చెప్పండి: ఆమె అడిగితే చాలు, చేసి తీరాలి అనే హక్కు మన చట్టంలో ఇంకా లేదు. డాక్టర్ సదుద్దేశంతో అభిప్రాయం ఇవ్వాలి. వేదిక ఎక్కి "అడిగితే చేయాల్సిందే" అని మీరంటే, ఎదురుగా ఉన్న డాక్టర్ ఒక్క వాక్యంతో మిమ్మల్ని కూర్చోబెడతారు. ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ వినరు.

మాట వాడేటప్పుడు జాగ్రత్త

మన ఊళ్లలో అబార్షన్ నేరమని చాలామంది అనుకోవడానికి గోడల మీద రాసిన "భ్రూణహత్య మహాపాపం" అనే మాట పెద్ద కారణం. ఆ ప్రచారం ఆడపిల్ల అని తెలిసి తీయించుకోవడం గురించి. లింగ నిర్ధారణ 1994 చట్టం కింద నేరమే. చేసిన డాక్టర్‌కు మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. కానీ చదివేవాళ్ల మనసులో రెండూ కలిసిపోయాయి. అందుకని కరపత్రంలో మొదటి రెండు లైన్లు ఇలా ఉండాలి: "చట్టం చెప్పిన పద్ధతిలో గర్భస్రావం చేయించుకోవడం నేరం కాదు. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం నేరం." పల్లెలో మాట్లాడేటప్పుడు "గర్భవిచ్ఛిత్తి" అంటే ఎవరికీ అర్థం కాదు. "కడుపు తీయించుకోవడం" అనండి, లేదా "అబార్షన్" అనండి. "హత్య" అనే మాట మీ నోట రాకూడదు.

ఎమర్జెన్సీ మాత్ర విషయంలో కూడా ఇలాంటి అయోమయమే ఉంది. కలయిక తర్వాత 72 గంటల్లోపు వేసుకునే ఆ మాత్ర గర్భం రాకుండా ఆపుతుంది, వచ్చిన గర్భాన్ని తీయదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. అబార్షన్ మాత్రలు వేరే, అవి డాక్టర్ చీటీ మీదే వాడాలి.

2. ఈ హక్కు వద్దనుకునేవాళ్లదే కాదు

యువజన బృందాలు ఇక్కడే తరచుగా పొరబడతాయి. హక్కు అంటే అబార్షన్ ఒక్కటే అన్నట్టు మాట్లాడితే సగం మంది ఆడవాళ్లు మీకు దూరమవుతారు. తన విశ్వాసం ఒప్పుకోదు కాబట్టి బిడ్డను కంటానంటున్న అమ్మాయిని అత్తింటివాళ్లు బలవంతంగా ఆసుపత్రికి తీసుకొస్తే, ఆమె వైపు నిలబడటం కూడా మీ పనే. ఆమె సమ్మతి లేకుండా గర్భం తీయడం నేరం.

మన రెండు రాష్ట్రాల సంగతి చూస్తే అసలు బరువు ఇంకో చోట ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి, తెలంగాణలో 60 శాతం పైగా మందికి కు.ని. ఆపరేషన్ అయింది. మగవాళ్ల వేసెక్టమీ చాలా తక్కువ. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం సిజేరియన్లే. గర్భసంచి తీసేసే ఆపరేషన్లలో రెండు రాష్ట్రాలూ దేశంలో ముందు వరుసలో ఉన్నాయి. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి చెప్పాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పి ఉంది.

ప్రభుత్వం మాట కూడా కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని తీసేసింది. అంతకాలం వద్దన్న నోళ్లే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నాయి. ఎంతమందిని కనాలో, కనాలో వద్దో ఆమెను అడిగినవాళ్లు మాత్రం అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. ఊళ్లో ఆడవాళ్ల దగ్గర ఈ మాటతో మొదలుపెట్టండి. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ఇది వాళ్లు పడ్డదే.

3. జట్టు కూర్చుకోవడం

ఐదుగురు సరిపోతారు, ఎనిమిది దాటితే పని సాగదు. సగానికి పైగా అమ్మాయిలుండాలి. ఒకే మతం, ఒకే కులం వాళ్లే ఉంటే మీరు రాసిన అర్జీని మతం గొడవగానో కులం గొడవగానో చూస్తారు, కాబట్టి మొదటి రోజు నుంచే కలిసి ఉండండి. ఒకరు కాగితాలు, రసీదులు, తేదీలు చూసుకోవాలి. ఇది చిన్న పనిలా అనిపిస్తుంది గానీ మొత్తం దీని మీదే నిలబడుతుంది. ఒకరు అధికారులతో మాట్లాడాలి. ఒకరు చట్టం చదవాలి. ఏ పార్టీ విద్యార్థి సంఘంలోనైనా పదవిలో ఉన్నవారు జట్టులో ఉండొచ్చు గానీ, సంతకం చేసేవాళ్లలో మొదటి పేరు వాళ్లది కాకుండా చూసుకోండి.

4. ఎవరి కథా సేకరించొద్దు

సర్వే పేరుతో గూగుల్ ఫారం పెట్టి "మీకెప్పుడైనా అబార్షన్ అయిందా?" అని అడగడం మొదటి తప్పు. ఆ వివరాలు ఒక్క స్క్రీన్‌షాట్‌తో ఊరంతా తెలుస్తాయి. ఆమె పేరు, ఊరు, కాలేజీ సంవత్సరం, స్కాన్ రిపోర్టు ఫొటో, ఇవేవీ మీ ఫోన్‌లో ఉండకూడదు. వాట్సాప్ గ్రూపులో మనుషుల సంగతులు మాట్లాడొద్దు, పని మాత్రమే మాట్లాడండి. ఎవరైనా తమంతట తాము చెబితే వినండి, రాసుకోవద్దు. మీకు కావలసింది కౌంటర్ దగ్గర ఏ షరతు పెట్టారన్న ఒక్క ముక్క.

ఇంకో ప్రమాదం పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. 18 నిండని అమ్మాయి గర్భంతో ఉందని మీకు తెలిస్తే, అది ఆమె ఇష్టంతో జరిగిందైనా సరే, పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత చట్టం మీ మీద కూడా పెడుతుంది. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. అందుకే ఎవరైనా మనసు విప్పబోతున్నప్పుడు ముందే నెమ్మదిగా చెప్పండి: "నీకు 18 నిండకపోతే పేరు చెప్పకు, నేరుగా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ ఆసుపత్రికి గానీ వెళ్దాం." మైనర్ అమ్మాయి, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు రాయనక్కర్లేదని 2022 తీర్పు చెప్పింది. ఈ సంగతి చాలా ఆసుపత్రులకు తెలియదు, తీర్పు నకలు దగ్గర పెట్టుకోండి.

5. ఆసుపత్రికి వెళ్లి చూడండి

మీకు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఆ పైన సామాజిక ఆరోగ్య కేంద్రం లేదా ఏరియా ఆసుపత్రి, రెండింటినీ ఓపీ సమయంలో ఒకసారి చూడండి. ఇద్దరే వెళ్లండి, అందులో ఒక అమ్మాయి ఉండాలి. రోగుల ఫొటోలు, వార్డు ఫొటోలు తీయొద్దు.

ఏ రోజు, ఏ గదిలో కుటుంబ నియంత్రణ సేవలు అందుతాయో బోర్డు ఉందా? నిరోధ్ పెట్టె అడగకుండా తీసుకోగలిగే చోట ఉందా, లేక నర్సు బల్ల సొరుగులో ఉందా? మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజక్షన్, ఛాయ మాత్రలు, మాలా-ఎన్, కాపర్-టీ, ఎమర్జెన్సీ మాత్రలు ఉన్నాయా? కౌమార ఆరోగ్య క్లినిక్ పేరుకే ఉందా, కౌన్సెలర్ కూర్చుంటున్నారా? ప్రైవేటు ఆసుపత్రి అయితే అబార్షన్ సేవలకు జిల్లా కమిటీ ఇచ్చిన ధ్రువపత్రం, ఫారం-బి, గోడ మీద కనిపించేలా ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రికి ఆ ధ్రువపత్రం అక్కర్లేదు, అది చట్టం దృష్టిలో ఎప్పుడూ అనుమతి ఉన్న చోటే. అక్కడ కొరత ఉంటే శిక్షణ పొందిన డాక్టర్‌కు ఉంటుంది.

ఏఎన్ఎమ్‌తో, ఆశా కార్యకర్తతో మాట్లాడండి, కానీ విచారణ చేస్తున్నట్టు కాదు. స్టాకు రాక ఇబ్బంది పడేది వాళ్లే, నిలదీతలు భరించేదీ వాళ్లే. మీ అర్జీ వాళ్ల మీద ఫిర్యాదులా ఉండకూడదు.

6. సమాచార హక్కు దరఖాస్తు

మొత్తం పనికి వెన్నెముక ఇదే. తెల్ల కాగితం మీద తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. పై వరసలో "పౌర సమాచార అధికారి, ఫలానా ఏరియా ఆసుపత్రి" అని రాయండి. కలెక్టర్‌కు రాస్తే తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది, ఆలోగా రోజులు పోతాయి. మన రెండు రాష్ట్రాల్లో రుసుము గ్రామ స్థాయి కార్యాలయానికి లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కార్డు నకలు జత చేస్తే రుసుము లేదు.

ఐదు ప్రశ్నలు చాలు:

"గత ఆర్థిక సంవత్సరంలో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం కింద ఈ ఆసుపత్రిలో అందించిన సేవల సంఖ్య, నెలవారీగా. పేర్లు, వ్యక్తిగత వివరాలు అవసరం లేదు.

ఈ సేవలు అందించే అర్హత ఉండి ప్రస్తుతం ఇక్కడ పనిచేస్తున్న డాక్టర్ల సంఖ్య.

18 ఏళ్లు దాటిన స్త్రీకి భర్త లేదా తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి అని చెప్పే ఉత్తర్వు, సర్క్యులర్ ఏదైనా ఉంటే దాని నకలు.

ఇక్కడ వాడుతున్న సమ్మతి పత్రం, ఫారం-సి, నింపని నకలు.

నిరోధ్, మాలా-ఎన్, ఛాయ, అంతర, కాపర్-టీ, ఎమర్జెన్సీ మాత్రల స్టాకు రిజిస్టర్‌లో గత ఆరు నెలల పేజీల నకళ్లు."

మూడో ప్రశ్న చూడండి. అలాంటి ఉత్తర్వు ఉండదు. "మా వద్ద సమాచారం లేదు" అనే జవాబు వస్తుంది. ఆ ఒక్క లైనే మీ చేతిలో ఉండే గట్టి రుజువు: ఉత్తర్వే లేనప్పుడు కౌంటర్‌లో సంతకం ఎవరడిగారు, ఎందుకడిగారు?

దరఖాస్తు వెనక్కి రావడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే. "ఎందుకు ఇవ్వడం లేదు?" అని అడుగుతారు, చట్టం కింద రికార్డు అడగొచ్చు గానీ సంజాయిషీ అడగలేరు. "ఎవరెవరికి చేశారు?" అని అడుగుతారు, వ్యక్తిగత సమాచారం ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పదేళ్ల లెక్క అడుగుతారు. అప్పుడు వందల పేజీలకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమంటారు.

నేరుగా ఇస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా తర్వాతి 30 రోజుల్లో అదే ఆసుపత్రి పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. చాలా చోట్ల మొదటి అప్పీలు అందగానే జవాబు వచ్చేస్తుంది, కాబట్టి మొదట జవాబు రాలేదని ఆగిపోకండి.

7. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు

జవాబు చేతికొచ్చాక అర్జీ రాయండి. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, నకలు జిల్లా వైద్యారోగ్యశాఖాధికారికి. మొదటి పేరాలో సమాచార హక్కు జవాబు నంబరు, తేదీ, అందులో ఉన్న మాట. రెండో పేరాలో చట్టం ఏమంటుందో మూడు లైన్లు. మూడో పేరాలో మీరు కోరేది, తేదీతో సహా. "మహిళల హక్కులు కాపాడండి" అని రాస్తే "పరిశీలిస్తాం" అంటారు, అంతే. ఇలా రాయండి: "18 ఏళ్లు దాటిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు, పెళ్లయిందా లేదా అన్నదానితో సంబంధం లేదు అన్న బోర్డును ఓపీ దగ్గర 15 రోజుల్లో తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో పెట్టించగలరు. అబార్షన్‌కు కు.ని. ఆపరేషన్ షరతు పెట్టరాదని సిబ్బందికి లిఖితపూర్వకంగా తెలియజేయగలరు." బోర్డు పెట్టారో లేదో ఎవరైనా వెళ్లి చూడొచ్చు. అలా చూడగలిగేదే అడగాలి.

ఒక డాక్టర్ తన మత విశ్వాసం వల్ల ఈ పని చేయలేనంటే ఆ మనిషి మీదకు వెళ్లకండి. ఆ డాక్టర్‌కూ అంతరాత్మ ఉంది. మీరు అడగాల్సింది ఆసుపత్రిని: ఆ రోజు చేయగల డాక్టర్ ఎవరు, ఇక్కడ లేకపోతే ఏ ఆసుపత్రికి, ఏ రోజు, ఎవరి దగ్గరికి పంపుతారు? నమ్మకం డాక్టర్‌ది, సేవ అందించాల్సిన బాధ్యత ఆసుపత్రిది.

15 రోజుల్లో కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌కు వెళ్లండి. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఉదయమే వెళ్లి టోకెన్ తీసుకోండి, ఇద్దరే లోపలికి వెళ్లండి, రసీదు నంబరు రాకుండా బయటికి రావద్దు.

8. స్నేహితురాలికి ఇప్పుడే అవసరమైతే

అర్జీలు, అప్పీళ్లు పక్కన పెట్టి వారాలు లెక్కపెట్టండి. లెక్క కలయిక జరిగిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి. ఈ తేడా తెలియక రెండు వారాలు తక్కువ అనుకుని ఆలస్యం చేస్తారు. చివరి నెలసరి జనవరి 1న మొదలైతే 12 వారాలు మార్చి 26కి, 20 వారాలు మే 21కి, 24 వారాలు జూన్ 18కి నిండుతాయి. ఎంత ముందు వెళ్తే పని అంత తేలిక, ప్రమాదమూ తక్కువే. మందుల షాపులో చీటీ లేకుండా మాత్రలు కొనుక్కోనివ్వొద్దు. గర్భం ట్యూబులో ఉందేమో స్కాన్ చేస్తే గానీ తెలియదు, ఆ మాత్రలతో అది పోదు, ట్యూబు పగిలితే ప్రాణానికే ముప్పు.

వెంట ఒక్కరే వెళ్లండి. సంతకం గొడవ వస్తే వాదన పెట్టుకోకుండా "ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాసివ్వండి" అని మర్యాదగా అడగండి. చాలాసార్లు ఆ మాటతోనే పని జరుగుతుంది. జరగకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ఫోన్ 15100. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ లాయర్ ఉచితం. 24 వారాలు దగ్గరపడినా, దాటినా హైకోర్టులో రిట్ వేయాల్సి రావచ్చు, కాబట్టి ఒక్క రోజు కూడా పోగొట్టకండి. ఇంట్లో బెదిరింపులుంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

9. మత స్వేచ్ఛ విషయంలో ఒకే కొలత

రాజ్యాంగం 25వ అధికరణ అంతరాత్మ స్వేచ్ఛను అందరికీ సమానంగా ఇస్తూనే, ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యానికి లోబడి అంటుంది. కాలేజీలో ఎక్కువగా అక్కరకొచ్చేది 28వ అధికరణ: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మత బోధన ఉండకూడదు, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న ఏ సంస్థలోనైనా విద్యార్థి సమ్మతి లేకుండా, మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి లేకుండా, మత బోధనకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని బలవంతం చేయకూడదు. మిషనరీ కాలేజీ చాపెల్‌కైనా, ఇంకో కాలేజీలో సరస్వతీ పూజకైనా ఇది ఒకటే. కేరళలో తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడిన ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది.

వేషధారణ గొడవ వస్తే ముందు రాసి ఉన్న నిబంధన అడగండి. చాలాసార్లు అది నోటిమాటే అయి ఉంటుంది. తర్వాత మీ అర్జీలో నల్ల బట్టలు, చెప్పుల్లేని కాళ్ల అయ్యప్ప స్వామినీ, హిజాబ్ వేసుకున్న అమ్మాయినీ, తలపాగా ఉన్న సిక్కు విద్యార్థినీ ఒకే వాక్యంలో పెట్టండి. ఒకరి కోసం అడిగి ఇంకొకరి దగ్గర మౌనంగా ఉంటే మీరడిగింది హక్కు కాదని యాజమాన్యానికి ఇట్టే తెలిసిపోతుంది. హిజాబ్ మీద చట్టం ఇంకా తేలలేదన్నది కూడా చెప్పాలి: కర్ణాటక కేసులో 2022 అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. అందుకే "కోర్టు మా వైపే" అనకుండా మధ్యేమార్గం చూపించండి. నీట్ పరీక్షలో సంప్రదాయ దుస్తుల్లో వచ్చేవారు ముందుగా వచ్చి తనిఖీ చేయించుకోవాలని నిబంధన ఉంది. మీ కాలేజీలోనూ అదే పద్ధతి పెట్టమనండి, తనిఖీ మహిళా సిబ్బంది విడిగా గదిలో చేయాలని కోరండి. రంజాన్‌లో హాస్టల్ మెస్ వేళలు మార్చాలంటే మూడు వారాల ముందే వార్డెన్‌కు ఎంతమందికి కావాలో సంఖ్యతో రాసివ్వండి. నెల మొదలయ్యాక అడిగితే వంటమనిషి మీద భారం పడుతుంది, జవాబు "లేదు" అని వస్తుంది.

మతం దాటి పెళ్లి చేసుకునేవారికి 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ఎవరూ మతం మారనక్కర్లేదు. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ నోటీసు ఇవ్వాలి, మరో 30 రోజులు అభ్యంతరాలకు ఆగాలి, పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి. ఆ నోటీసు బోర్డు మీద పెడతారు కాబట్టి ఇంట్లో తెలుస్తుందన్న సంగతి ముందే చెప్పండి, ప్రమాదం ఉంటే నోటీసు ఇచ్చే రోజే ఎస్పీకి రక్షణ కోరుతూ అర్జీ పెట్టించండి. కేరళలో మతం మారి పెళ్లి చేసుకున్న హదియా వివాహాన్ని హైకోర్టు రద్దు చేస్తే 2018 మార్చిలో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఏ మతం, ఎవరితో పెళ్లి అన్నది వయసొచ్చిన ఆమె నిర్ణయమే అంది.

10. సభ పెట్టాలంటే

రోడ్డు మీద కాకుండా హాల్లో పెట్టండి. ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో సభలు, ఊరేగింపులకు అనుమతి తీసుకోవాలనే పోలీసు చట్టం సెక్షన్ 30 తరచుగా అమల్లో ఉంటుంది, అనుమతి లేకుండా ర్యాలీ తీస్తే మీ విషయం పక్కకుపోయి కేసులే మిగులుతాయి. న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం రాస్తే కాలేజీలో న్యాయ విజ్ఞాన సదస్సు పెడతారు. ఆ సంస్థ కార్యదర్శి న్యాయాధికారి. "భర్త సంతకం అక్కర్లేదు" అన్న మాట ఆయన నోటో ఆమె నోటో వస్తే ప్రిన్సిపాల్ కూడా వింటారు. పక్కన ఒక స్త్రీ వైద్య నిపుణురాలు, ఒక ఏఎన్ఎమ్ ఉంటే చాలు. గంట దాటనివ్వొద్దు. మైకులో ప్రశ్నలు అడగమంటే ఎవరూ లేవరు, కాబట్టి పేరు రాయని చీటీలకు ఒక అట్టపెట్టె పెట్టండి.

ఏ మతాన్నీ ఎగతాళి చేయొద్దు, పోస్టర్‌లో కూడా. కావాలని మత మనోభావాలను గాయపరచడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ భయం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, వింటున్న ఆడవాళ్లలో చాలామందికి దేవుడే ఉన్న ఒక్క ఆసరా. "మా మతం ఒప్పుకోదు" అని ఎవరైనా లేస్తే ఇలా చెప్పండి: "మీరు చేయించుకోవద్దమ్మా, మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేస్తే మేమే వచ్చి అడ్డం నిలబడతాం. పక్కింటామె నిర్ణయం పక్కింటామెదే."

బోర్డు పెట్టారని తెలిసిన రోజు పని అయిపోయిందనుకోవద్దు. నెల తర్వాత ఒకసారి, ఆరు నెలల తర్వాత ఇంకోసారి వెళ్లి చూడండి. సూపరింటెండెంట్ మారితే బోర్డు స్టోర్‌రూమ్‌లోకి వెళ్తుంది. అప్పుడు పాత అర్జీ, రసీదు నంబరు, సమాచార హక్కు జవాబు నకలు జత చేసి కొత్త అధికారికి మళ్లీ ఇవ్వండి. మీరు కాలేజీ వదిలే ముందు ఆ ఫైలు జూనియర్లలో ఇద్దరి చేతికి అప్పగించండి, ఒకరికి ఇస్తే పోతుంది.